ఎర్ర వైనుల రుచి నెరుగుట

మన పెద్దలు రుచులను ఆరుగా లెక్కించిరి: తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు. ఉగాదినాడు ఈ ఆరింటిని ఒక్క గరిటెలో చవి చూపుట మన యింటి ఆచారము. పాశ్చాత్య శాస్త్రజ్ఞులు తమ పట్టికలో కారమునకు గాని వగరునకు గాని చోటీయరు. కారము మంట యనియు, వగరు స్పర్శ యనియు వారు చెప్పుదురు. శాస్త్రరీత్యా వారి మాట సరియైనదే. అయినను ఎర్ర వైను గ్లాసును ఎదుట నుంచుకొని కూర్చున్నపుడు అక్కరకు వచ్చునది మన పట్టికయే. తెల్ల వైనునకు ఎర్ర వైనునకు గల భేదములో రంగు సగము మాత్రమే. మిగిలిన సగము వగరు. లేత జామకాయను కొరికినపుడు, వక్కను నమలినపుడు, పాలు కలుపని చిక్కని తేనీటిని త్రాగినపుడు నాలుకయు చిగుళ్ళును బిగిసి ఆరిపోయినట్లగును గదా, ఆ అనుభవమే ఎర్ర వైనునకు వెన్నెముక.

రేడియోలో స్వరమును ప్రసారము చేయగలము గాని వాసనను చేయలేము. కనుక ఈ వ్యాసములో మనకు తెలిసిన పండ్లతోను, దినుసులతోను పోల్చి చెప్పుటకే ప్రయత్నింతుము. ఒక్కొక్క దేశపు ఎర్ర వైను ఒక్కొక్క విధముగా ఏల ఉండును, ఆ తేడాను మనుష్యుని ఇంద్రియములు నిజముగా పట్టుకొనగలవా, లేక చీటీ మీది పేరును చూచి పట్టుకొన్నట్లు నటించునా అనునదే ఇందలి విషయము.

ముందుగా ఒక మాట. వైను మద్యమే. నూటికి పన్నెండు మొదలు పదునైదు పాళ్ళు సారము గల మద్యము. ఎర్ర వైను గుండెకు మేలు చేయునను మాట 1991వ సంవత్సరము నుండి అమెరికాలో మిక్కిలి ప్రచారము పొందెను గాని, తరువాతి పరిశీలనలు దానిని బలపరుపలేదు. ఎంత తక్కువగా త్రాగినను ఆరోగ్యమునకు బొత్తిగా హాని లేని మోతాదు లేదని ప్రపంచారోగ్యసంస్థ 2023 జనవరిలో ప్రకటించెను. రుచి పరీక్షను వృత్తిగా గలవారు త్రాగరు. నోటిలో పోసికొని, పరీక్షించి, ప్రక్కనున్న పాత్రలో ఉమ్మివేయుదురు. ఒక ఉదయమున నలువది యేబది వైనులను పరీక్షింపవలసినవాడు మ్రింగినచో పదవ గ్లాసు నాటికే అతని తీర్పునకు విలువ యుండదు. కావున ఇక్కడ చెప్పబోవు విద్య త్రాగుటను గూర్చినది కాదు. మందకొడిగా నున్న ముక్కును నాలుకను మేల్కొల్పుటను గూర్చినది.

నల్ల ద్రాక్షపండును చిదిమి చూడుడు. ఇంచుమించు అన్ని జాతులలోను లోని రసమునకు రంగుండదు. రంగంతయు తొక్కలోనే ఉన్నది. తెల్ల వైను చేయువారు పండ్లను పిండి, రసమును మాత్రము పులియబెట్టుదురు. ఎర్ర వైను చేయువారు తొక్కలు, గింజలతో సహా పులియనిత్తురు. ఈస్టు అను సూక్ష్మజీవులు పండులోని చక్కెరను తిని సారముగా మార్చుచుండగా, ఆ వేడిలో తొక్కనుండి రంగును, తొక్కనుండియు గింజలనుండియు టానిను అను వగరు పదార్థమును రసములోనికి దిగును. కొందరు వారము దినములుంచుదురు. కొందరు నెల దినములుంచుదురు. పిమ్మట వడగట్టి ఓకు కొయ్య పీపాలలోనో, ఉక్కు తొట్లలోనో నిలువ చేయుదురు. టానిను మన లాలాజలములోని మాంసకృత్తులను పట్టి గడ్డకట్టించును. లాలాజలమునకు గల జారుడుతనము పోవును. నోరు ఎండినట్లు తోచుటకు కారణమిదియే. టానినుతో తోళ్ళను పదును చేయుట మన కరక్కాయ, తంగేడు చెక్కల వ్యాపారము చేయువారికి తెలిసిన సంగతే.

ఇక పరీక్షకు వత్తము. గ్లాసులో మూడవ వంతునకు మించి పోయరాదు. గ్లాసు అడుగున వెడల్పుగా, పైన మూతి ముడిచినట్లుండవలెను. వాసన బయటికి పోకుండ లోపలనే నిలుచుటకిది యుపాయము. తెల్లని గుడ్డమీదికి గ్లాసును వంచి అంచును చూడవలెను. లేత వైను అంచు నేరేడుపండు రంగులో ఊదాగా నుండును. ఏండ్లు గడచిన కొలది ఆ ఊదా తగ్గి మాణిక్యపు ఎరుపు, పిదప ఇటుక రంగు, కడపట తేనెరంగు వచ్చును. కొన్ని జాతుల తొక్క పలుచన, కొన్నింటి తొక్క మందము. కనుక రంగు చిక్కదనము జాతిని చెప్పును గాని మంచిచెడ్డలను చెప్పదు. గ్లాసును త్రిప్పినపుడు గోడలవెంట జారు ధారలను చూచి మేలైన వైనని మురియువారు కలరు. సారము నీటికంటె వేగముగా ఆవిరియగుటచేత పైపొరలో బిగువు మారి ఆ ధారలు కలుగునని జేమ్స్ థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు 1855లోనే వివరించెను. సారమెక్కువగా నున్నదని తప్ప వానినిబట్టి తెలియునది లేదు.

పరీక్షలో ముఖ్యమైన భాగము ముక్కుదే. నాలుక తెలుపగలిగినవి అయిదారు మాత్రమే, వాసనలు వేలు. జలుబు చేసినవానికి పప్పుచారునకు పచ్చిపులుసునకు భేదము తెలియకుండుట అందరి యెరుకలోని సంగతే. నోటిలోనికి పోయిన దాని ఆవిరి గొంతు వెనుకనుండి ముక్కునకెక్కుటవలననే మనము రుచి యనుకొను దానిలో అధికభాగము కలుగుచున్నది. అందుచేతనే పరీక్షకులు వైనును నోటిలో నుంచుకొని పెదవుల నడుమనుండి గాలి పీల్చి గుటగుట శబ్దము చేయుదురు. విందులో అది మర్యాద కాదు, పరీక్షాశాలలో తప్పనిసరి.

వాసనలకు పేర్లు పెట్టుట వినువారికి నవ్వు పుట్టించుట కలదు. ద్రాక్షరసములో మిరియము వాసన యేమిటి, గులాబి వాసన యేమిటి, ఇవన్నియు కవుల కల్పనలని కొందరు అనుకొందురు. అన్నియు కల్పనలు కావు. సిరా అను ద్రాక్షతో చేసిన వైనులలో మిరియపు ఘాటు గలదని చిరకాలముగా చెప్పుచుండిరి. దానికి కారణమైన పదార్థమును ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కనుగొని 2008లో ప్రకటించిరి. దాని పేరు రోటండోను. మన వంటింటి మిరియాలలోని వాసన నిచ్చునదియు అదియే! ద్రాక్షతొక్కలో పుట్టిన అణువును మిరియపు గింజలో పుట్టిన అణువును ఒక్కటే. ఇందు ఇంకొక వింత యున్నది. ఆ పరిశీలనలో పాల్గొన్న వారిలో సుమారు అయిదవ వంతు మంది ఆ వాసనను బొత్తిగా గ్రహింపలేకపోయిరి. ఒకే గ్లాసును ముందుంచుకొని ఇరువురు వాదించుచున్నపుడు ఇద్దరును నిజమే చెప్పుచుండవచ్చును. కాబెర్నే జాతి పండు సరిగా పండనపుడు వచ్చు బెంగుళూరు మిరప పచ్చివాసనయు ఇటువంటిదే; ఆ మిరపలోనున్న పదార్థమే ద్రాక్షలోను ఉన్నది. ఓకు పీపానుండి వచ్చు లవంగపు వాసనకు కారణము లవంగములోని యూజినాలే.

నోటిలో చూడవలసినవి నాలుగు. పులుపెంత యున్నది, నోరూరించు పులుపే వైనును సజీవముగా నుంచును. వగరెంత యున్నది, ఎటువంటిది. సన్నని పట్టువలె పరచుకొనునా, గరుకు కాగితమువలె గీకునా. సారపు వేడి గొంతునకు తెలియుచున్నదా. ఉమ్మివేసిన పిదప రుచి ఎంతసేపు నిలిచినది. ఈ కడపటి దానికే అనుభవజ్ఞులు ఎక్కువ విలువ నిత్తురు. పాట ముగిసిన పిదప తంబురా శ్రుతి చెవిలో నిలిచినట్లు కొన్ని వైనుల రుచి చాలసేపు నిలుచును. కొన్ని మ్రింగకముందే మరుగునపడును.

ఇక దేశముల మాట. ఫ్రాన్సు దేశమున నైరృతి మూలనున్న బోర్డో ప్రాంతముతో ప్రారంభించుట వాడుక. గారోన్, దోర్దోన్ అను రెండు నదులు అచట కలిసి జిరోండ్ అను పేరుతో సముద్రమును చేరును. ఎడమ యొడ్డున మెదోక్ అను సీమలో నేలయంతయు గులకరాళ్ళు. వాననీరు నిలువదు, పగటి వేడిని ఆ రాళ్ళు దాచి రాత్రి పండ్లకందిచ్చును. ఆలస్యముగా పండు కాబెర్నే సోవిన్యోన్ జాతికి అది అనుకూలము. చిన్న కాయ, మందమైన తొక్క. అందుచేత రంగు చిక్కన, వగరు మిక్కుటము. ఐరోపావారు నల్లని కరెంటు పండుతో పోల్చు ఆ వాసనను మనము నేరేడుపండుతో పోల్చుకొన్న చాలును. దానికి దేవదారు పెట్టెను తెరచినపుడు వచ్చు వాసన తోడగును. కుడి యొడ్డున పొమెరోల్, సేంతెమిలియోన్ గ్రామములలో బంకమట్టి, సున్నపురాయి ఎక్కువ. చల్లని బంకమట్టిలో ముందుగా పండు మెర్లో జాతి రాణించును. దాని వైను మెత్తన, కండగలది. వేర్వేరు జాతులను కలుపుట బోర్డో సంప్రదాయము. ఒక జాతికి వానదెబ్బ తగిలినను మరియొకటి ఆదుకొనునని వారి లెక్క. మెట్టరైతు జొన్నలో కందిని సాళ్ళుగా చల్లుట వంటిదే ఇది.

బర్గండీ ఇందుకు పూర్తిగా విరుద్ధము. అచట ఎర్ర వైనునకు ఇంచుమించు ఒక్కటే జాతి, పీనో న్వార్. 1395లోనే బర్గండీ ప్రభువు ఫిలిప్పు గమే అను అధికఫలసాయపు జాతిని పీకివేయుడని ఆజ్ఞాపించెను. జాతి ఒక్కటే యైనపుడు తేడాలన్నియు నేలనుండియే రావలెను. తూర్పునకు తిరిగిన ఒక సన్నని కొండవాలును అక్కడివారు వందలకొలది మళ్ళుగా విభజించి ఒక్కొక్క మడికి ఒక్కొక్క పేరు పెట్టిరి. ఈ మళ్ళను క్లిమా లందురు. 2015లో యునెస్కో వానిని ప్రపంచవారసత్వ సంపదగా గుర్తించెను. రొమనే కొంతి అను జగత్ప్రసిద్ధమైన తోట వైశాల్యము రెండు హెక్టారులైన లేదు. వాలునకు ఎగువన మన్ను పలుచన, దిగువన తేమ యెక్కువ, నడుమనున్నది మేలైనది. నూరు గజముల తేడాలో ధర పదింతలగుట కలదు. పీనో తొక్క పలుచన, కావున రంగు లేతగా నుండును. చిక్కనిదే మేలనుకొనువాడు బర్గండీ వైనును నీళ్ళవలె నున్నదని త్రోసివేయును. ముక్కు దగ్గరకు చేర్చినచో ఎర్రని పండ్లు, వాన పడిన అడవిలోని తడి ఆకులు, పుట్టగొడుగులు. మా అభిప్రాయములో పరీక్షకునకు బర్గండీయే అసలైన బడి. బిగ్గరగా మాటలాడని దానిని వినుటకు చెవికి శిక్షణ కావలెను.

రంగునుబట్టి మోసపోరాదనుటకు ఇటలీలోని బరోలో మరింత చక్కని ఉదాహరణము. వాయవ్యమున పీద్‌మాంట్ కొండలలో నెబ్బియోలో అను జాతితో దానిని చేయుదురు. గ్లాసులో చూచిన లేత ఎరుపు. అంచున ఇటుకరంగు సైతము పెందలకడనే కనబడును. సాధువని తలచి నోటిలో పోసికొన్నచో వగరు చిగుళ్ళను పట్టి పీడించును. దాని వాసనను గులాబియు తారును కలిసినట్లుండునని వర్ణింతురు. వినుటకు విడ్డూరముగా నున్నను, ఎండలో కొత్తగా వేసిన రోడ్డుప్రక్కన పూలబండి నిలిపినట్లూహించుకొన్నచో అర్థము కాగలదు. ముప్పదియెనిమిది నెలలు గడువనిదే బరోలోను అమ్మరాదని నియమము. అందు పదునెనిమిది నెలలు కొయ్య పీపాలో నుండవలెను. అటుపై పది, ఇరువది యేండ్లు సీసాలో నిలువయున్న కొలది టానినులు మార్పు చెంది ఆ పీడించు వగరు లొంగివచ్చును.

స్పెయిను దేశపు రియోహా వైనులలో నేలకంటె పీపా ఎక్కువగా మాటలాడును. అచటివారు చిరకాలము అమెరికా ఓకు పీపాలను వాడిరి. ఆ కొయ్యనుండి వనిల్లా, కొబ్బరి వాసనలు వచ్చును. కొబ్బరి వాసనను పట్టుటలో తెలుగువారు ఎవరికిని తీసిపోరు గదా! ఫ్రాన్సులోని రోన్ లోయయందు మిరియపు ఘాటుతో, ఆలివుల వాసనతో బిగువుగా నుండు సిరా జాతియే ఆస్ట్రేలియాలోని బరోసా ఎండలలో షిరాజు అను పేరుతో పండిన నేరేడు, చాకొలేటు గుణములు పొందును. జాతి యొక్కటియే, సూర్యుడు వేరు. అర్జెంటీనాలో మెందోసా యెడారి సముద్రమట్టమునకు చాల ఎత్తుననున్నది. అక్కడ ఆండీస్ మంచునీటితో పెరుగు మాల్బెక్ చిక్కని ఊదారంగులో, మెత్తని వగరుతో నుండును. ఆ తీగె 1853లో ఫ్రాన్సునుండి వెళ్ళినదే.

చిలీ దేశపు కథ ఒకటి చెప్పక తప్పదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున బోర్డోనుండి పలు జాతుల తీగెలు చిలీకి చేరెను. పిదప కొలదికాలమునకు ఫిలాక్సెరా అను వేరుపురుగు ఐరోపా తోటలను సర్వనాశనము చేసెను. అమెరికా వేరుకు ఐరోపా కొమ్మను అంటుగట్టి వారు తోటలను మరల నిలిపిరి. కాని ఆ తిరుగునాటులో కార్మెనేర్ అను పాత బోర్డో జాతిని ఇంచుమించు విడిచిపెట్టిరి. ఫిలాక్సెరా సోకని చిలీలో తోటలు చెక్కుచెదరలేదు. అక్కడి మెర్లోలో ఏదో పచ్చివాసన, ఏదో మసాలా యున్నదని, అది ఆలస్యముగా పండుననియు చాలకాలము అనుకొనుచుండిరి. 1994లో జాన్ మిషెల్ బూర్సికో అను ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు చిలీ తోటలో నడచుచు, మెర్లో అని పిలువబడుచున్న ఆ తీగెలు కార్మెనేర్ అని గుర్తించెను. పోయినదనుకొన్న జాతి వేరొక పేరుతో వేల యెకరములలో కాయుచుండెను. నాలుకలు తేడాను ముందే పట్టుకొన్నవి. చీటీని నమ్మి ఊరకున్నవి.

చీటీకి గల అధికారమును గూర్చి మరికొంత చెప్పవలెను. 1855లో పారిసు ప్రదర్శన సందర్భమున మూడవ నెపోలియను కోరగా, బోర్డో దళారులు మెదోక్ ఎర్ర వైనులను అయిదు తరగతులుగా ఏర్పరచిరి. మొదటి తరగతిలో నాలుగే: లాఫీత్, లాతూర్, మార్గో, ఇంకను మెదోక్‌కు వెలుపలిదైన ఓబ్రియోన్. వారు దానికై కొత్తగా రుచి పరీక్ష చేయలేదు. విపణిలో ఏ వైను ఎంత ధర పలుకుచుండెనో దానినిబట్టి వరుస పెట్టిరి. ఆ పట్టిక నేటికిని చెల్లుచునే యున్నది. అందు చెప్పుకోదగిన మార్పు ఒక్కటే. 1973లో మూతోన్ రోత్‌షీల్డ్‌ను రెండవ తరగతినుండి మొదటికి ఎక్కించిరి.

ధర రుచిని నడిపించునా? 2008లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక పరిశోధనలో ఒకే వైనును పది డాలర్లదని ఒకసారి, తొంబది డాలర్లదని ఒకసారి చెప్పి ఇచ్చిరి. హెచ్చు ధర చెప్పినపుడు త్రాగినవారు బాగున్నదనుటయే గాక, వారి మెదడులో సుఖానుభూతికి సంబంధించిన భాగమున చైతన్యము కూడ ఎక్కువగా కనబడెను. అనగా వారు అబద్ధమాడలేదు. నిజముగానే ఎక్కువ ఆనందించిరి! రంగును గూర్చియు ఇటువంటి పరీక్షయే కలదు. బోర్డో విశ్వవిద్యాలయమున వైను విద్య నభ్యసించు ఏబదినలుగురకు తెల్ల వైనునే రుచిలేని ఎర్ర రంగు కలిపి ఇచ్చిరి. వారందు ఎర్ర వైనునకు వాడు మాటలనే వాడి వర్ణించిరి. 2001లో ఈ ఫలితములు ప్రకటితమైనవి. దీనినిబట్టి రుచి పరీక్ష యంతయు బూటకమని ప్రకటించినవారు కలరు. మేము అట్లు తలపము. కన్ను ముందుగా తీర్పు చెప్పినచో ముక్కు దానికి లోబడునని మాత్రమే ఇది నిరూపించినది. కాబట్టి కన్నునకు గంత కట్టవలెను.

రేడియో కేంద్రములలో గాయకులను పరీక్షించునపుడు పేరును దాచి సంఖ్యతో గుర్తించి స్వరమునే వినిపించు పద్ధతి యున్నది. వైను లోకములో అట్టి పరీక్షలలో సుప్రసిద్ధమైనది 1976 మే 24న పారిసులో జరిగెను. స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్ల వర్తకుడు, అతని సహచరి పెట్రీషియా గాలఘర్ దానిని ఏర్పాటు చేసిరి. తీర్పరులు తొమ్మండుగురును ఫ్రాన్సులో పేరెన్నికగన్నవారు. సీసాల పేర్లు మరుగుపరచి నాలుగు బోర్డో ఎర్ర వైనులను, ఆరు కాలిఫోర్నియా వైనులను ఎదుట నుంచిరి. మొదటి స్థానము పొందినది కాలిఫోర్నియాలోని స్టాగ్స్ లీప్ వారి 1973 నాటి కాబెర్నే. నాటి మూడేండ్లైన తీగెల పంట. రెండవది మూతోన్ రోత్‌షీల్డ్. మార్కుల తేడా స్వల్పమే. అయినను, ఒక తీర్పరి తన మార్కుల కాగితమును తిరిగి ఇమ్మని పట్టుబట్టిన దనినచో ఆ ఫలితము ఎంత గగ్గోలు పుట్టించెనో ఊహించుకొనవచ్చును. కాలిఫోర్నియా వైనులు నిలువకు ఆగవనియు, కాలము గడచినపుడు బోర్డోయే గెలుచుననియు నాడు సమాధానము చెప్పుకొనిరి. సరిగా ముప్పదియేండ్లకు, 2006 మే 24న, అవే ఎర్ర వైనులను మరల పరీక్షించిరి. ఈ మారు మొదటి అయిదు స్థానములును కాలిఫోర్నియావే.

అయితే గంత కట్టినంత మాత్రమున నాలుక నిక్కచ్చి యగునా యన్నచో అదియు కాదు. రాబర్ట్ హాడ్జ్‌సన్ అను కాలిఫోర్నియా ఆచార్యుడు ఒక ప్రసిద్ధ పోటీలో ఒకే సీసానుండి మూడు గ్లాసులు పోయించి, తీర్పరులకు తెలియకుండ వేర్వేరు వైనులుగా నిప్పించెను. 2008లో ఆయన ప్రకటించిన లెక్క ప్రకారము, మూడింటికిని ఇంచుమించు ఒకే మార్కు లిచ్చినవారు పదిమందిలో ఒక్కరు. ఈ లెక్కను చూచిన పిదప పోటీలలో బంగారు పతకము పొందినదను మాటకు మేమెక్కువ విలువ నీయము. ఏ జాతి, ఏ నేల, ఎంత నిలువ అనునవి గ్లాసులో నిజముగా నున్నవి. వానిని పట్టుట అభ్యాసముచే సాధ్యము. నూటికి తొంబదిరెండా తొంబదిమూడా అను లెక్క గ్లాసులో లేదు.

అభ్యసింపగోరువారికి ఒక్క వైనును చూచుటవలన ప్రయోజనము లేదు. రెండు మూడింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినపుడే తేడా తెలియును. తోడిని, కల్యాణిని ఒకదాని తరువాత ఒకటి విన్నవానికి భేదమును ఎవరును చెప్పనక్కరలేదు. ఒక పీనో, ఒక కాబెర్నే, ఒక సిరా. గ్లాసుల అడుగున గుర్తులు పెట్టి వేరొకరిచేత స్థానములు మార్పించి, తోచిన మాటలను కాగితముమీద వ్రాసికొనవలెను. పెద్ద మాటలు వద్దు. నేరేడు, మిరియము, తడి మన్ను, పాత చెక్కపెట్టె చాలును. బిరడా చెడినదైనచో తడిసిన అట్టపెట్టె వాసన వచ్చును. దానిని ఆ ప్రాంతపు విశిష్టగుణమని భ్రమపడరాదు.

వేడిమి విషయమున మన దేశమున సాధారణముగా పొరబాటు జరుగుచున్నది. ఎర్ర వైనును గది వేడిమిలోనే ఇయ్యవలెనని పుస్తకములలో నుండును. ఆ మాట పుట్టినది ఐరోపాలోని చల్లని రాతిగదులలో. అచటి గది వేడిమి పదునారు, పదునెనిమిది డిగ్రీలు. బెజవాడలో మే నెల గది వేడిమిలో ఇచ్చినచో సారము ముక్కును పొడుచును, పండు వాసన ఉడికినట్లుండును. అరగంట చల్లని పెట్టెలో నుంచుటయే మేలు. మరీ చల్లబరచినను కీడే. చలి వగరును పెంచి వాసనను అణచివేయును. మన దక్కను పీఠభూమిమీద నాసిక్కు పరిసరములలో 1990ల చివరినుండి వైను తోటలు విస్తరించినవి. అక్కడ చలికాలము తీగెను నిద్రపుచ్చునంతటిది కాదు. కనుక ఏటికి రెండుమార్లు కత్తిరించి, వానలు తగ్గిన పిదప పెంచి, జనవరి మొదలు మార్చి లోపల కోయుదురు. ఐరోపాలో కోతలు సెప్టెంబరు, అక్టోబరులలో. షిరాజు, కాబెర్నే అచట పండుచున్నవి. వానిని బోర్డోకు నకలుగా గాక దక్కను ఎండకు పండినవిగా పరీక్షించుట న్యాయము.

ప్రాంతమునుబట్టి రుచి యనునది స్థిరమైనదా అను ప్రశ్నకు బర్గండీలోని బోన్ పట్టణము ఒక జవాబు నిచ్చుచున్నది. అక్కడ ద్రాక్షకోత ప్రారంభమైన తేదీల లెక్కలు 1354నుండి దొరకుచున్నవి. వానిని సమకూర్చి 2019లో ప్రకటించిరి. 1354 మొదలు 1987 వరకు సగటున కోతలు సెప్టెంబరు 28న ఆరంభమైనవి. 1988 మొదలు 2018 వరకు సగటున పదుమూడు దినములు ముందుగా ఆరంభమైనవి. వేసవి వేడి పెరిగిన కొలది పండులో చక్కెర పెరుగును, పులుపు తగ్గును, సారము హెచ్చును. బోర్డోలో 2021నుండి తూరీగ నాసియొనాల్ అను పోర్చుగీసు జాతితో సహా నాలుగు కొత్త ఎర్ర జాతులను, తోటలో నూటికి అయిదు పాళ్ళకు మించకుండ, నాటుటకు అనుమతించిరి. నలువది యేండ్ల క్రిందటి బోర్డోను బర్గండీని జ్ఞాపకమున నిలుపుకొన్న వృద్ధ పరీక్షకులు నేటి గ్లాసును ఎత్తి చూచి, ఇది దక్షిణమున ఏ ఊరిదని అడుగుటలో ఆశ్చర్యము లేదు.